అలిగి ఇంట్లో కూర్చున్న ఓటు

అడగండి, చెబుతాను: ఈ నెల ఉత్తరాలు

ప్రశ్న: శారద గారికి నమస్కారం. మాది గుంటూరు. లండన్ మిల్ హిల్‌లో స్థిరపడ్డాం. చిన్న అకౌంటెన్సీ ఫర్మ్ నడుపుతున్నాను. సిటిజన్‌షిప్ వచ్చిన దగ్గర్నుంచి నేనూ మా ఆవిడా కన్సర్వేటివ్ పార్టీకే ఓటు వేస్తూ వచ్చాం. పన్నులు తగ్గిస్తారని, డబ్బు లెక్క ప్రకారం ఖర్చు పెడతారని నమ్మాం. తీరా చూస్తే పన్నులు పెరిగాయి. లాక్‌డౌన్‌లో మనల్ని ఇంట్లో కూర్చోబెట్టి వాళ్లు ప్రధాని ఉండే డౌనింగ్ స్ట్రీట్‌లో పార్టీలు చేసుకున్నారు. 2022 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని లిజ్ ట్రస్ మినీ బడ్జెట్ దెబ్బకి మా ఇంటి లోను వాయిదా ఎక్కడికో వెళ్లిపోయింది. ఇక్కడ పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్న మా తమ్ముడు పెళ్లి చేసుకుని భార్యను తెచ్చుకుందామంటే, ఆదాయం 18,600 పౌండ్లు ఉంటే చాలన్న రూల్‌ని 29,000 చేసి కూర్చున్నారు. ఒళ్లు మండి 2024 జులైలో ఇంట్లో ముగ్గురం ఓటుకి వెళ్లలేదు. మా అబ్బాయికి అదే మొదటి ఓటు. లేబర్‌కి వేయడానికి చెయ్యి రాదు, వలసల్ని వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీ అంటే భయం. ఈ మే నెల కౌన్సిల్ ఎన్నికలకి కూడా ఇంట్లోనే ఉందామనుకుంటున్నాం. మౌనం కూడా ఒక సమాధానమే కదండీ?
– ఒక పాఠకుడు, మిల్ హిల్

జవాబు: మీ ఉత్తరంలో కోపమంతా తర్వాత చదివాను. ముందు ‘మిల్ హిల్’ దగ్గరే ఆగిపోయాను. మిల్ హిల్ హెండన్ నియోజకవర్గంలో ఉంది. 2024 జులై 4న అక్కడ కన్సర్వేటివ్ అభ్యర్థి అమీత్ జోగియా లేబర్ అభ్యర్థి చేతిలో ఎన్ని ఓట్ల తేడాతో ఓడిపోయారో మీకు తెలుసా? 15.

పదిహేను వేలు కాదు, పదిహేను వందలు కాదు, పదిహేను. మనవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి అంతకంటే ఎక్కువ చెప్పుల జతలు కనిపిస్తాయి గుమ్మం ముందు. అందులో మూడు ఓట్లు మీ ఇంట్లోనే ఉన్నాయి. మీలా అలిగిన ఇళ్లు ఇంకో అయిదు ఉండి, అందరూ సాయంత్రం టీ తాగి అలా నడిచి వెళ్లి ఉంటే హెండన్ ఎంపీ వేరే మనిషి అయ్యేవాడు. మీ ఊరికి ఇది కొత్త కూడా కాదు, 2010లో అదే సీటు కన్సర్వేటివ్‌లకు 106 ఓట్లతో వచ్చింది. మీరు ఓటు వేయకపోతే ఏమీ కాని ఊళ్లు ఈ దేశంలో చాలానే ఉన్నాయి. మీది మాత్రం ఆ జాబితాలో లేదు.

ఇక మౌనం సంగతి. నేను ఎన్నికల రోజు మా ఊరి ప్రైమరీ స్కూల్ హాల్లో పోల్ క్లర్క్‌గా కూర్చుంటాను. నేను ఎవరికి ఓటు వేస్తానో మా ఆయనకి కూడా చెప్పను కాబట్టి ఏ పార్టీ తరఫునా మాట్లాడుతున్నానని అనుకోకండి. ఆ బల్ల వెనక మేం చేసే పని ఇంతే. మీరు పేరు చెబుతారు, ఫొటో గుర్తింపు కార్డు చూపిస్తారు. మేం జాబితాలో మీ పేరు పక్కన స్కేలు పెట్టి గీత గీసి బ్యాలెట్ ఇస్తాం. ఆ గీతలున్న కాపీని ‘మార్క్‌డ్ రిజిస్టర్’ అంటారు. ఎన్నికలు అయ్యాక పార్టీలు ఫీజు కట్టి దాన్ని తీసుకుంటాయి. మీరు ఎవరికి వేశారో అందులో ఉండదు. వేశారా, లేదా అన్నది మాత్రం ఉంటుంది.

ఇప్పుడు పార్టీ ఆఫీసులో కూర్చున్న వాలంటీర్‌ని ఊహించుకోండి. చేతిలో వందల పేర్లున్నాయి, శనివారం పొద్దున్నే తలుపులు తట్టాలి, మనుషులు మాత్రం నలుగురే. గీత ఉన్న ఇంటికి వెళతాడా, వరసగా గీత లేని ఇంటికి వెళతాడా? ‘వీళ్లు మా మీద కోపంతో రాలేదు’ అని మీ పేరు పక్కన ఎవరూ రాసుకోరు. ‘వీళ్లు ఓటు వేసే రకం కాదు’ అనుకుంటారు, అంతే. మినీ బడ్జెట్, పార్టీ గేట్ (ఆ లాక్‌డౌన్ పార్టీల గొడవ), మీ తమ్ముడి భార్య వీసా, ఇవేవీ ఆ ఖాళీలో కనిపించవు. మీరు అకౌంటెంట్ కదా, నమోదు కాని దాన్ని ఆడిటర్ ఎలా చూస్తాడో నాకంటే మీకే బాగా తెలుసు.

సరే, మీ అలక వల్ల మీరు అనుకున్నది జరిగిందా అన్నది కూడా చూద్దాం. 2019లో దాదాపు కోటీ నలభై లక్షల మంది కన్సర్వేటివ్‌లకు వేస్తే 2024లో 68 లక్షల చిల్లర మిగిలారు. అందులో కొందరు రిఫార్మ్‌కి వెళ్లారు, కొందరు మీలాగే ఇంట్లో ఉండిపోయారు. లేబర్ పార్టీకి మొత్తం ఓట్లలో 34 శాతం కూడా రాకుండానే 411 సీట్లు వచ్చాయి. తర్వాత? 2025 ఏప్రిల్ నుంచి ఉద్యోగి జీతం మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత చందా) 13.8 శాతం నుంచి 15 అయింది, అది మొదలయ్యే ఏడాది జీతం 9,100 పౌండ్ల నుంచి 5,000కి దిగింది. ఉద్యోగులు ఎక్కువగా ఉన్న ఫర్మ్ అయితే ఆ లెక్క పుస్తకాల్లోనే కనిపిస్తుంది. వీసాల సంగతి చూడండి. 2024 ఏప్రిల్‌లో టోరీలు (కన్సర్వేటివ్‌లు) స్కిల్డ్ వర్కర్ వీసాకి జీతం పరిమితిని 26,200 నుంచి 38,700 చేశారని మనవాళ్లంతా మండిపడ్డాం. లేబర్ దాన్ని 2025 జులైలో 41,700 చేసింది. మీ తమ్ముణ్ని ఇబ్బంది పెట్టిన 29,000ని తగ్గించలేదు. పీఆర్‌కి అయిదేళ్ల బదులు పదేళ్లు ఆగాలన్న ప్రతిపాదన 2025 మేలో లేబర్ ప్రభుత్వ వైట్ పేపర్ (విధాన పత్రం)లోనే వచ్చింది.

‘కన్సర్వేటివ్‌లు కూడా పదేళ్లే అంటున్నారు కదా’ అని మీరు అడుగుతారు. అవును, అప్పటికే ఆ పార్టీ నాయకురాలైన కెమీ బేడనాక్ అంతకుముందే ఆ మాట అన్నారు. రిఫార్మ్ ఏకంగా పీఆర్ అన్నదే ఎత్తేస్తామంటోంది. మూడు పార్టీలూ ఒకే వైపు నడుస్తున్నప్పుడు, మీకు నచ్చిన పార్టీ లోపల మీ మాట వినే మనిషి ఎవరన్నదే మిగులుతుంది. ఆ మనిషి నిలబడాలంటే బ్యాలెట్ మీద అతని పేరుకు ఎదురుగా ఎవరో ఒకరు క్రాస్ గీయాలి. మీరంతా ఇంట్లో ఉంటే ఆ క్రాస్ గీసేది పార్టీ ఏం చేసినా జై కొట్టేవాళ్లు మాత్రమే. అప్పుడు పార్టీ ఎవరి మాట వింటుందో చెప్పక్కర్లేదు.

బేసిల్డన్ అండ్ బిల్లెరికే అని ఎసెక్స్‌లో ఒక సీటు ఉంది. 2024లో పార్టీ చైర్మన్ రిచర్డ్ హోల్డెన్‌ని పైవాళ్లు అక్కడికి దించారు. షార్ట్‌లిస్ట్‌లో ఆయన పేరు ఒక్కటే. స్థానిక కార్యకర్తలు బహిరంగంగానే గోల చేశారు. మన దగ్గర హైకమాండ్ ఢిల్లీ నుంచి అభ్యర్థిని దించితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఆయన 20 ఓట్లతో గట్టెక్కారు. ఆ గెలిపించిన వాళ్లలో తిట్టుకుంటూ వచ్చి వేసినవాళ్లు కనీసం ఇరవై మంది లేరంటే నేను నమ్మను. అదే రోజు డోర్సెట్‌లోని పూల్‌లో కన్సర్వేటివ్ ఎంపీ రాబర్ట్ సిమ్స్ 18 ఓట్లతో ఓడిపోయారు.

మీరు అడిగింది కౌన్సిల్ ఎన్నికల గురించి కాబట్టి ఇంకో కథ. 2017 మేలో నార్తంబర్‌ల్యాండ్ కౌంటీ కౌన్సిల్ ఎన్నికలు. మొత్తం 67 సీట్లు, మెజారిటీకి 34 కావాలి. కన్సర్వేటివ్‌లకు 33 వచ్చాయి. సౌత్ బ్లైత్ అనే వార్డులో కన్సర్వేటివ్, లిబరల్ డెమోక్రాట్ అభ్యర్థులిద్దరికీ సరిగ్గా 356 ఓట్లు. మళ్లీ లెక్కపెట్టినా అంతే. అలాంటప్పుడు లాటరీ తీయాలన్నది ఇక్కడి చట్టం. పుల్లలు పట్టుకుని ఇద్దర్నీ చెరొకటి లాగమన్నారు. లిబరల్ డెమోక్రాట్ గెలిచింది, ఆ ఒక్క పుల్లతో కౌంటీ మొత్తం మీద మెజారిటీ చేజారింది. ఆ వార్డులో ఆ గురువారం పని నుంచి లేటుగా వచ్చి ‘ఇవాళ ఓపిక లేదు’ అనుకున్న టోరీ ఓటరు ఒక్కడున్నా, ఆ రాత్రి అతనికి నిద్ర ఎలా పట్టిందో!

మీ బార్నెట్ కౌన్సిల్‌లో 2022లో లేబర్‌కి 41, కన్సర్వేటివ్‌లకు 22 సీట్లు. 1964లో ఈ కౌన్సిల్‌కి తొలి ఎన్నికలు జరిగిన దగ్గర్నుంచి లేబర్‌కి సొంతంగా మెజారిటీ రావడం అదే మొదటిసారి. కౌన్సిల్ అంటే చిన్నచూపు వద్దు. మీ కౌన్సిల్ టాక్స్, మీ వీధిలో పార్కింగ్ పర్మిట్ జోన్, మీ లాఫ్ట్ ఎక్స్‌టెన్షన్‌కి అనుమతి, ఎదురుగా లేచే పన్నెండంతస్తుల భవనం, అన్నీ అక్కడే తేలతాయి. ట్రస్‌కీ ఈ కౌన్సిలర్‌కీ సంబంధం లేదు. వెస్ట్‌మిన్‌స్టర్ మీద కోపం, చెత్త డబ్బాలు ఎత్తించే మనిషి మీద చూపించి లాభం ఏముంది?

పైగా లండన్‌లో చాలా వార్డులకి ఇద్దరు, ముగ్గురు కౌన్సిలర్లుంటారు. ఎంతమంది ఉంటే అన్ని క్రాస్‌లు పెట్టొచ్చు. అన్నీ వాడి తీరాలన్న రూలేమీ లేదు. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. ముగ్గురు కన్సర్వేటివ్ అభ్యర్థుల్లో మీ ఈమెయిల్‌కి జవాబిచ్చిన వాళ్లకి వేసి, మొహం చాటేసిన వాళ్లని వదిలేయండి. ముగ్గురిలో ఒకరికి మాత్రం ఓట్లు తగ్గితే ఆ రాత్రే కౌంటింగ్ హాల్లో అందరూ గమనిస్తారు. ఎవరికి తగ్గాయి, ఎందుకు తగ్గాయి అని చర్చ మొదలవుతుంది. మీకు కావాల్సింది అదే కదా.

ఒక్కరికీ వేయబుద్ధి కాకపోతే? అప్పుడు కూడా వెళ్లండి. ఇక్కడ మన ఈవీఎంలోలా నోటా బటన్ లేదు, కానీ బ్యాలెట్ పాడుచేసే హక్కు ఉంది. నేను కౌంటింగ్‌లో కూడా పనిచేశాను. అనుమానంగా ఉన్న బ్యాలెట్లన్నీ పక్కకి తీసి రిటర్నింగ్ ఆఫీసర్ ముందు పెడతారు. అభ్యర్థులు, వాళ్ల ఏజెంట్లు ఆ బల్ల మీదకి మెడలు చాచి ఒక్కొక్కటీ చదువుతారు, ఏదైనా తమ ఓటుగా లాక్కోవచ్చేమోనన్న ఆశతో. ఒకసారి ఒకాయన బ్యాలెట్ నిండా పెన్సిల్‌తో తన బాధంతా రాశాడు. ఏం రాశాడో నేను బయటపెట్టకూడదు. కానీ గట్టిగా నవ్విన ఏజెంట్ రెండో వాక్యానికి వచ్చేసరికి నవ్వడం ఆపేశాడు. ఆ బ్యాలెట్ చెల్లదు, అయినా చెల్లని ఓట్ల లెక్కలో పడి ఫలితంతో పాటు ప్రకటిస్తారు. మీ పేరు, సంతకం మాత్రం రాయకండి, మీరెవరో తెలిసేలా ఉండకూడదు.

పార్లమెంట్ ఎన్నికలప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ప్రతిపక్ష పార్టీలకు పార్లమెంటులో పని చేయడానికి ప్రభుత్వం నుంచి ‘షార్ట్ మనీ’ అని డబ్బు వస్తుంది. 1975లో దాన్ని తెచ్చిన ఎడ్వర్డ్ షార్ట్ పేరది. అది గెలిచిన ఒక్కో సీటుకి ఇంత, దేశం మొత్తం మీద వచ్చిన ప్రతి 200 ఓట్లకు ఇంత అని కడతారు. అంటే మీ అభ్యర్థి చిత్తుగా ఓడిపోయే ఊళ్లో ఉన్నా, మీ ఓటు ప్రతిపక్షం పెట్టుకునే పరిశోధకుల జీతంలో కొంత అవుతుంది. ‘ఇక్కడ ఎలాగూ లేబరే గెలుస్తుంది’ అని లివర్‌పూల్ నుంచి, మాంచెస్టర్ నుంచి నాకు రాసేవాళ్లకి కూడా ఇదే జవాబు.

మీ అబ్బాయి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. మొదటి ఓటే ఇంట్లో కూర్చుని పోగొట్టుకున్నాడు. ఈసారి వాణ్ని తీసుకెళ్లండి. ఎవరికి వేయాలో చెప్పకండి, చెప్పినా వినడు. పోలింగ్ పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా ఉంటుంది. 10కి క్యూలో ఉంటే చాలు, బ్యాలెట్ ఇస్తారు. బయట పార్టీల రోజెట్లు (రిబ్బన్ బ్యాడ్జీలు) పెట్టుకుని నిలబడ్డవాళ్లు మీ ఓటరు నంబర్ అడిగితే ఇవ్వొచ్చు, మానేయొచ్చు. నేనైతే ఇమ్మంటాను. మీ దగ్గర నంబర్ తీసుకున్న కన్సర్వేటివ్ వాలంటీర్‌కి, ‘వేశాను కానీ మీ మీద చాలా కోపంగా ఉన్నాను’ అని మొహం మీదే చెప్పండి. ఆ మాట వార్డు ఆఫీసుకి చేరుతుంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి స్టూడెంట్ వీసా మీద లండన్ వెళ్లి ఏడాది కాలేదు. ‘నాకు ఇక్కడ ఓటుంది’ అంటున్నాడు. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో అక్కడ ఓటేమిటి? కేసుల్లో ఇరుక్కుంటాడేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: టెన్షన్ పడకండమ్మా, మీవాడు చెప్పింది నిజమే. ఇండియా కామన్‌వెల్త్ దేశం. వీసా ఉండి ఇక్కడ నివసిస్తున్న కామన్‌వెల్త్ పౌరులు కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంట్ ఎన్నికల్లో కూడా ఓటు వేయొచ్చు. నిజానికి మన పిల్లలు చాలామంది క్రెడిట్ స్కోర్ పెరుగుతుందని ఓటర్ల జాబితాలో పేరు ఎక్కించుకుంటారు, పోలింగ్ రోజు ఎప్పుడో వాళ్లకే తెలియదు. 2023 నుంచి ఫొటో గుర్తింపు తప్పనిసరి అయింది. మీవాడి ఇండియన్ పాస్‌పోర్ట్ సరిపోతుంది. ఇల్లు మారితే కొత్త అడ్రస్‌తో మళ్లీ నమోదు చేసుకోవాలి. ఆ గడువు పోలింగ్‌కి 12 పనిదినాల ముందే అయిపోతుంది, ఈ వారమే చూసుకోమనండి.