టెక్ సందేహాలు: మెసేజ్‌లు మింగేస్తున్నది మెమరీ కాదు

ప్రశ్న: స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. ఉండేది గాజువాక. మా అమ్మాయి పెళ్లయి వెళ్లినప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఒక ఎస్సెమ్మెస్ పెడుతుంది, నేను జవాబిస్తాను. వాట్సాప్ వచ్చినా ఆ అలవాటు మానలేదు. 2016 నుంచి ఒక్కటీ చెరపలేదు. మొన్న తీరిగ్గా కూర్చుని పైకి జరుపుకుంటూ వెళ్తే పోయిన ఏడాది సంక్రాంతి దగ్గర ఆగిపోయింది. వారం తర్వాత చూస్తే ఇంకో వారం మాయం! శాంసంగ్ ఫోను. డాబా గార్డెన్స్‌లో ఒక షాపులో చూపిస్తే, మెమరీ నిండిపోయి ఫోనే చెరిపేస్తోంది అన్నారు. 64 జీబీ కార్డు వేయించాను, ఫొటోలు తీసేశాను. అయినా ఆగలేదు.

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు ఉందండీ. వారం గడిస్తే సరిగ్గా వారం మెసేజ్‌లే పోతున్నాయన్నారు. మెమరీ చాలక పోయేవైతే ఇలా లెక్క ప్రకారం పోవు. ఎక్కడో ఒక పరిమితి పెట్టి ఉంది. కొత్తది ఒకటి రాగానే పాతది ఒకటి బయటికి పోతోంది.

శాంసంగ్ మెసేజెస్ యాప్‌లో 'డిలీట్ ఓల్డ్ మెసేజెస్' అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఒక్కో మనిషితో సాగే సంభాషణలో వెయ్యి ఎస్సెమ్మెస్‌లే నిలుస్తాయి. రోజుకి మీ అమ్మాయిది ఒకటి, మీది ఒకటి. ఏడాదికి 730. అంటే వెయ్యి నిండటానికి ఏడాదీ నాలుగు నెలలు. ఇప్పటి నుంచి వెనక్కి లెక్కపెట్టండి, పోయిన సంక్రాంతి కాదు, ఆ ముందు సంక్రాంతి దగ్గర తేలతారు. కాబట్టి ఇది ఈమధ్య మొదలైంది కాదు, మీరు చూసుకున్నది ఈమధ్య.

ముందు ఈ పని చేయండి, మిగతాది తర్వాత చదువుదురుగాని. మెసేజెస్ యాప్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో 'మోర్ సెట్టింగ్స్'కి వెళ్లండి. అక్కడ 'డిలీట్ ఓల్డ్ మెసేజెస్' ఆఫ్ చేయండి. బాగా పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇదే ఆప్షన్ 'స్టోరేజ్' అన్న శీర్షిక కింద ఉండేది, పరిమితి ఇంకా తక్కువ, 200 మెసేజ్‌లే. మీరు వాడేది గూగుల్ మెసేజెస్ యాప్ అయితే ఈ సంఖ్యల గొడవ లేదు. అందులో తనంతట తాను చెరిపేది ఓటీపీలనే, అదీ 24 గంటల తర్వాత, మీరు ఆన్ చేసి ఉంటేనే.

షాపులో కార్డు అమ్మినందుకు ఏమీ అనను గానీ, ఎస్సెమ్మెస్‌లు మెమరీ కార్డులోకి వెళ్లవు. అవి ఫోన్ సొంత మెమరీలోనే ఉంటాయి. పైగా అవి ఆక్రమించే చోటు ఎంతని? ఒక ఎస్సెమ్మెస్ 140 బైట్లు. ఇంగ్లిషులో అయితే 160 అక్షరాలు, తెలుగులో అయితే 70. పదివేల మెసేజ్‌లు పోగేసినా అసలు మాటలు ఒకటిన్నర ఎంబీ దాటవు. మీరు తీసేసిన ఫొటోల్లో ఒక్కటే అంతకు రెట్టింపు ఉంటుంది.

పోయినవి ఆప్షన్ ఆఫ్ చేసినంత మాత్రాన తిరిగి రావు. కానీ ఆశ వదులుకోకండి. సంభాషణకి రెండు కొసలు ఉంటాయి కదా! మీ అమ్మాయి ఫోన్‌లో అవన్నీ ఉండొచ్చు. ఆమెకి ఈ రోజే ఫోన్ చేసి, తన ఫోన్‌లోనూ ఆ ఆప్షన్ ఆఫ్ చేయమనండి. తర్వాత 'ఎస్ఎమ్మెస్ బ్యాకప్ అండ్ రీస్టోర్' అనే యాప్‌తో మీ ఒక్కరి సంభాషణనే ఫైలుగా తీసి పంపమనండి. ఆ ఫైలుని చదువుకోండి, దాచుకోండి. మీ ఫోన్‌లో రీస్టోర్ మాత్రం చేయకండి. అది ఆమె ఫోన్ లెక్క కాబట్టి ఆమె పంపినవన్నీ మీరు పంపినట్టు, మీవి మీకే వచ్చినట్టు తిరగబడి కనిపిస్తాయి. 2016 నాటి పాత ఫోను బీరువాలో ఎక్కడైనా ఉంటే దానికీ ఛార్జింగ్ పెట్టి చూడండి. మార్చిన ఫోన్లలో మెసేజ్‌లు చాలాసార్లు అలాగే పడి ఉంటాయి.

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి రాస్తున్నాను. సింహాచలం చందనోత్సవం వీడియోలు వచ్చినప్పటి నుంచి 'స్టోరేజ్ ఫుల్' అంటోంది. బ్యాంకు ఓటీపీలు కూడా రావట్లేదు, ఒకటే టెన్షన్. వెయ్యి ఎస్సెమ్మెస్‌లు కూర్చుని చెరిపాను. ఏమీ ఖాళీ కాలేదు.

జవాబు: పై జవాబు చదివారు కదా, వెయ్యి ఎస్సెమ్మెస్‌లంటే ఒక ఫొటోలో చిన్న ముక్క. మీ కేసు మాత్రం నిజంగానే మెమరీది. ఆండ్రాయిడ్‌లో చోటు బాగా తగ్గిపోతే ఫోన్ పాత మెసేజ్‌లను చెరపదు, కొత్తవాటిని తీసుకోవడం మానేస్తుంది. చోటు దొరికాక కొన్ని గుంపుగా వచ్చి పడతాయి, అప్పటికి ఓటీపీ గడువు అయిపోతుంది.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా', అందులో 'మేనేజ్ స్టోరేజ్' తెరవండి. '5 ఎంబీ కన్నా పెద్దవి', 'ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి' అని వేరుగా చూపిస్తుంది. రెండోది కళ్లు మూసుకుని చెరిపేయొచ్చు, మా ఇంట్లో అయితే శనివారం సాయంత్రం పని అదే. ఎస్సెమ్మెస్‌లతో పోలిస్తే వీడియోలు చాలా పెద్దవి, పైగా అదే ఉత్సవం వీడియో ఫ్యామిలీ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, భజన గ్రూపులో మూడుసార్లు దిగి ఉంటుంది. తర్వాత అక్కడే మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. లేకపోతే రేపు మళ్లీ నిండుతుంది. వాట్సాప్ యాప్ 'క్లియర్ డేటా' జోలికి మాత్రం పోవద్దు, బ్యాకప్ లేకపోతే మాటలన్నీ పోతాయి.

గూగుల్ ఫొటోస్‌లో తీసేసినవి వెంటనే పోవు. 30 రోజులు, బ్యాకప్ అయినవైతే 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. ట్రాష్ ఖాళీ చేస్తేనే చోటు కనబడుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని (ఇది ఫోన్‌లోది కాదు, ఆన్‌లైన్‌లో ఇచ్చే చోటు) జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ పంచుకుంటాయి. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే లెక్క, కాబట్టి అదీ ఒకసారి చూసుకోండి.

ఇక చెరపాల్సిన ఎస్సెమ్మెస్‌లు ఉంటే, పంపినవారి పేరు చివర 'పీ' ఉన్నవి ప్రకటనలు. 'టీ' లావాదేవీలవి, 'ఎస్' సేవలవి, 'జీ' ప్రభుత్వానివి. 'పీ'వి వదిలించుకోండి, మిగతావి ఉంచండి.

ప్రశ్న: పోయిన మెసేజ్‌లు రప్పిస్తామనే యాప్‌లు పనిచేస్తాయా?

జవాబు: ఇప్పటి ఫోన్లలో దాదాపుగా పనిచేయవు. పైగా అలాంటి యాప్ ముందు అడిగేది మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతే, అంటే మీ ఓటీపీలన్నీ దాని చేతిలో పెట్టడమే. ఫోన్ 'స్పీడ్ చేస్తాం' అనే క్లీనర్లదీ అదే తంతు. గూగుల్ వారి 'ఫైల్స్' యాప్ చాలు.

ప్రశ్న: మా అబ్బాయి ఇచ్చిన ఐఫోన్‌లో ఏడాది కిందటివి లేవు.

జవాబు: సెట్టింగ్స్‌లో మెసేజెస్‌కి వెళ్లి 'కీప్ మెసేజెస్' చూడండి. కొత్త వెర్షన్లలో అది 'యాప్స్' లోపల ఉంటుంది. '1 ఇయర్' అని ఉంటే 'ఫరెవర్' చేయండి. '30 డేస్' పొరపాటున కూడా ఎంచుకోకండి, అంతకన్నా పాతవన్నీ పోతాయి.