చర్మం అతికించాక మొదటి అయిదు రోజులు

ప్రశ్న: మాది కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర. నాపరాయి బండ పడి మా నాయన పాదం మీది తోలు ఊడిపోయింది. ముందు కొలాజెన్ షీటు వేశారు. ఇప్పుడు తొడ నుంచి చర్మం తీసి అతికిస్తామంటున్నారు. ఆ షీటే చాలదా? తొడ మీద ఇంకో పుండెందుకు?

జవాబు: చాలదమ్మా. ఆ షీటు పశువుల కణజాలం నుంచి తీసిన ప్రోటీను పొర. పుండును కప్పి నొప్పి తగ్గిస్తుంది, అంతే. అందులో ప్రాణమున్న కణాలు ఉండవు, అది చర్మంగా మారదు. పైపై గాయమైతే దాని కింద మన చర్మమే పెరిగి మూసుకుంటుంది. తోలు పూర్తిగా ఊడినచోట అంచుల నుంచే పెరగాలి. పెద్ద పుండైతే నెలలు పడుతుంది, మచ్చ బిగుసుకుని వేళ్లను పైకి లాగేస్తుంది.

తొడ నుంచి తీసేది 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల పొర మాత్రమే. వెంట్రుకల కుదుళ్లు అక్కడే మిగులుతాయి, వాటిలోని కణాలు పాకి రెండు వారాల్లో తొడను మూసేస్తాయి. మొదటి వారం పాదం కంటే తొడే ఎక్కువ నొప్పి పెట్టొచ్చు. ఈ మాట మీ నాయనకు ముందే చెప్పండి. అక్కడి వ్యాసిలిన్ గాజుగుడ్డ ఎండి అట్టకడుతుంది. పీకితే కొత్తగా పట్టిన పొర కూడా లేచొస్తుంది. తనంతట లేచిన అంచును కత్తెరతో కత్తిరిస్తే చాలు.

పాదం మీద అతికించిన ముక్క మొదటి ఒకటి రెండు రోజులు కింద ఊరే నీటిని పీల్చుకునే బతుకుతుంది. ఆ తర్వాత రక్తనాళాలు కలవడం మొదలై, అయిదో రోజుకల్లా రక్తం బాగా ఆడుతుంది. ఈలోపు ముక్క జరిగితే ఆ సన్నని నాళాలు తెగిపోతాయి. కింద రక్తం గడ్డకట్టినా, నీరు చేరినా ఆ మేరకు నల్లబడి చస్తుంది. ముక్కకు చిల్లులు పెట్టేది ఆ నీరు బయటికి పోవడానికే. ముక్క జరగకూడదనే కాలికి పిండికట్టు వేసి గుండె కంటే ఎత్తులో పెడతారు. బాత్‌రూముకని లేచి నడిస్తే చేసిందంతా వృథా, బెడ్‌పాన్ వాడాల్సిందే. సాధారణంగా అయిదో రోజున కట్టు విప్పుతారు. గులాబీ రంగులో ఉండి, కింద అంటుకుని ఉంటే పట్టినట్టే. దుర్వాసన, జ్వరం, కట్టు మీదికి చీము ఊరడం కనిపిస్తే అయిదో రోజు దాకా ఆగొద్దు.

ఎముక గాని స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడు) గాని దాని పైపొర కూడా పోయి బయటపడి ఉంటే ఈ ముక్క పట్టదు, అక్కడ రక్తం ఉండదు. అప్పుడు రక్తనాళాలతో సహా తెచ్చి కప్పే ఫ్లాప్ కావాలి. ఆపరేషనుకు ముందే డాక్టరును ఈ సంగతి అడగండి.

ఇక పత్యం. గుడ్డు, పప్పు తింటే చీము పడుతుందని మనవైపు మాన్పిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కిడ్నీ జబ్బు లేని 60 కిలోల మనిషికి ఈ సమయంలో రోజుకు 75 నుంచి 90 గ్రాముల ప్రోటీను కావాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. మానాల్సింది బీడీ. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడిచేస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడికి ఒళ్లు సగం కాలింది. నా చర్మం ఇస్తానంటే వద్దన్నారు. ఇద్దరిదీ ఒకే రక్తం గ్రూపు కదా? (కర్నూలు)

జవాబు: గ్రూపు కలిసినా అన్నదమ్ముల చర్మం నిలవదు, రెండు మూడు వారాల్లో ఒళ్లు దాన్ని తిప్పికొడుతుంది. ఒకే పోలికతో పుట్టిన కవలలకు తప్ప శాశ్వతంగా అతకదు. అయినా ఆ రెండు వారాలు కూడా విలువైనవే: నీరు, ఉప్పు కారిపోకుండా కాపాడి, మీ తమ్ముడి సొంత చర్మం తీసి అతికించే వ్యవధి ఇస్తాయి. ఆ పనికి స్కిన్ బ్యాంకుల్లో చనిపోయినవారి చర్మం ఉంటుంది. మరణించిన ఆరు గంటల్లోపు తొడలు, కాళ్లు, వీపు నుంచి పల్చని పొర తీసి గ్లిజరాల్‌లో నిల్వ చేస్తారు. దానికి గ్రూపు చూడక్కర్లేదు. మీరు బతికుండగా ఇవ్వాల్సిన పని లేదు.

ప్రశ్న: చేతికి అతికించిన చర్మం ఆరు నెలలైనా పొడిబారి దురద పెడుతోంది. (అనంతపురం)

జవాబు: పల్చని ముక్కతో చెమట, నూనె గ్రంథులు సరిగా రావు. రోజుకు మూడు నాలుగుసార్లు కొబ్బరినూనె రాసి వేలితో గట్టిగా మర్దన చేయండి. ప్రెషర్ గార్మెంట్ (మచ్చను అదిమి ఉంచే బిగుతైన తొడుగు) ఇచ్చి ఉంటే స్నానానికి తప్ప తీయొద్దు, రోజుకు 23 గంటలు ఉండాలి. ఉతికి మార్చుకోవడానికి రెండు జతలు కావాలి, సాగిపోయింది పనిచేయదు. అనంతపురం ఎండకు ఆ చోటు త్వరగా నల్లబడుతుంది, కనీసం ఏడాది పాటు నిండు చేతుల చొక్కా వేసుకోండి.