కన్ను కారే ఆవుకు ముక్కు కూడా చూడాలి

ప్రశ్న: మాకు అయిదేళ్ల జెర్సీ సంకర ఆవు ఉంది. రెండో ఈత. ఇరవై రోజులుగా ఎడమ కంట్లోంచి నీరు కారుతోంది. తల విదిలిస్తోంది, ముక్కును గుంజకేసి రాస్తోంది. జ్వరం లేదు, మేత తింటోంది. పూటకు 4 లీటర్లు ఇచ్చేది 3 లీటర్లకు దిగింది. మందుల షాపులో ఇచ్చిన కంటి చుక్కలు వారం రోజులు వేశాం, గుణం లేదు. రాత్రి పడుకుంటే కాస్త గురక పెడుతోంది. దాంతోపాటే చెరువులో దిగే గేదెకు మాత్రం ఏమీ లేదు. ఇదేం జబ్బండీ?
– ఒక పాడి రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: మీరు చివర్లో ఊరికే రాసిన గురక, గేదె సంగతులే నాకు కంటి నీటికంటే పెద్ద ఆధారాలు.

కంటి నీరు సన్నటి గొట్టం గుండా ముక్కులోకి దిగుతుంది. మనం ఏడిస్తే ముక్కు కారేది అందుకే. ముక్కు లోపల వాచి ఆ దారి మూసుకుపోతే నీరు చెంప మీదికి పొర్లుతుంది. అప్పుడు కంట్లో ఎన్ని చుక్కలు వేసినా వృథాయే. పైగా షాపులో ఇచ్చే చుక్కల్లో కొన్నిట్లో స్టిరాయిడ్ ఉంటుంది. కంటి మీద పుండు ఉంటే అది ముదిరి కన్నే పోవచ్చు. కాబట్టి ముందు ఆ చుక్కలు ఆపండి. పొగాకు రసం, ఉప్పు నమిలి ఊదడం లాంటివీ వద్దు.

నాకు ఎక్కువ అనుమానం గురక వ్యాధి మీద. ముక్కు రక్తనాళాల్లో చేరే ఒక రకం పురుగు దీనికి కారణం. 1933లోనే మద్రాసు ప్రెసిడెన్సీ పశువుల్లో దీన్ని గుర్తించి వివరించారు. పురుగు గుడ్లు చీమిడితో పాటు చెరువులో పడతాయి. వాటిలోంచి వచ్చిన పిల్లలు నత్తల్లో పెరిగి, మళ్లీ నీళ్లలోకి వచ్చి, పశువు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. అంటే ఆ నీళ్లు తాగకపోయినా, మోకాలి లోతులో నిలబడితే చాలు. ఆవుల్లో ముక్కు లోపల కాలీఫ్లవర్ లాంటి కండ పెరిగి శ్వాసకు అడ్డుపడుతుంది. గేదెలో అదే పురుగు ఉన్నా చాలాసార్లు పైకి ఏమీ కనిపించదు. మీ గేదె ఆరోగ్యంగా ఉందని సంతోషించే ముందు దాని చీమిడి కూడా పరీక్ష చేయించండి. చెరువులో గుడ్లు వదులుతున్నది అదే కావచ్చు.

పగటి వెలుతురులో ఆవును కట్టి, ముక్కు రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. అయితే ఈమధ్య కుక్క కరిచినా, చొంగ కారుతూ అరుపు మారినా అది రేబిస్ (పిచ్చికుక్క రోగం) కావచ్చు, మూతి దగ్గర చెయ్యి పెట్టొద్దు, వెంటనే డాక్టర్ని పిలవండి. రక్తం బొట్లు బొట్లుగా పడుతుంటే జలగ పట్టి ఉండొచ్చు. ముక్కుతాడు వేస్తే ఆ రంధ్రంలో పుండు, పురుగు ఉన్నాయేమో చూడండి. కింది రెప్ప లాగి, మూలనున్న మూడో రెప్ప చాటున తెల్లటి దారప్పోగుల్లాంటివి కదులుతున్నాయేమో గమనించండి. అవి ఈగల ద్వారా వచ్చే కంటి పురుగులు. వాటిని డాక్టరే మత్తు చుక్కలు వేసి కడిగి తీయాలి.

కొమ్ముల సంగతి మీరు రాయలేదు. ఒక కొమ్ము మొదలు దగ్గర మెత్తబడినా, పక్కకు ఒరిగినా, అటు ముక్కులోంచే వాసనతో రక్తం వచ్చినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. కొమ్ము క్యాన్సర్‌కి తొలి దశలోనే ఆపరేషన్ ఫలిస్తుంది.

గురక వ్యాధి అవునో కాదో చీమిడి పరీక్షలో తేలుతుంది. బూమరాంగ్ ఆకారంలో, అంటే మధ్యలో వంగిన కర్రలా గుడ్లు కనబడితే ఇక సందేహం లేదు. ఆంథియోమలిన్ ఇంజెక్షన్‌ను డాక్టరు విడతలుగా కండలోకి లోతుగా ఇస్తారు. రెండో విడతకే గురక తగ్గిందని మానేస్తే తిరగబెడుతుంది. చూడి కట్టి ఉంటే ముందే చెప్పండి, పాలు ఎన్నాళ్లు అమ్మకూడదో అడగండి. ఊళ్లో డాక్టరు అందుబాటులో లేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఇక చెరువు. మందు వేయించి మళ్లీ అందులోనే దింపితే ఖర్చు దండగ. కొన్నాళ్లు బోరు నీళ్లు తొట్టెలో పోసి పెట్టండి. నత్తలు చస్తాయని ఎవరైనా మైలుతుత్తం కలపమంటే వినకండి, చేపలు కూడా చస్తాయి. బాతులు పెంచేవాళ్లు ఊళ్లో ఉంటే చెరువులోకి తోలమనండి, నత్తల్ని ఇష్టంగా తింటాయి.