పాలియేటివ్ కేర్‌లో అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్: ఏం నేర్చుకోవాలి, కోర్సు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: క్యాన్సర్ వార్డులో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పాలియేటివ్ కేర్ (ప్రాణాంతక జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సంరక్షణ) బేసిక్ కోర్సు అయిపోయింది. అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్‌లో కొత్తగా ఏం ఉంటుంది? కోర్సు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

జవాబు:

సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర ఉంటుందన్నది తర్వాత చూడొచ్చు. ముందు ఈ ఒక్కటి అడగండి: రోగి మంచం దగ్గర ఎన్ని గంటలు ఉంటాయి, ఆ గంటల్లో పక్కనే నిలబడి మీ తప్పు దిద్దేది ఎవరు? ఈ పని చేస్తూ, నేర్పుతూ తెలుసుకున్న మాటే చెబుతున్నాను. స్లైడ్లు చూసి నేర్చుకున్న చదువు మొదటి కష్టమైన కేసు దగ్గరే ఆగిపోతుంది.

2014లో ప్రపంచ ఆరోగ్య సభ చేసిన తీర్మానం ఈ శిక్షణను మూడు అంచెలుగా చెప్పింది. వైద్య, నర్సింగ్ విద్యార్థులందరికీ ప్రాథమికం. ప్రాణాంతక జబ్బుల రోగులను రోజూ చూసేవాళ్లకు మధ్యస్థం. మామూలు చికిత్సకు లొంగని లక్షణాలను చూడాల్సినవాళ్లకు స్పెషలిస్టు స్థాయి. మీరు అడుగుతున్నది ఈ రెండో అంచె దాటి మూడోదాంట్లోకి వెళ్లే మెట్టు. అక్కడ కొత్త మందుల పేర్లు పెద్దగా ఉండవు. తెలిసిన మందే ఎందుకు పనిచేయడం లేదో కనిపెట్టడం ఉంటుంది.

మార్ఫిన్ లెక్కే తీసుకోండి. నాలుగు గంటలకోసారి 10 మి.గ్రా. మాత్ర వేసుకునే రోగికి రోజు మొత్తం 60 మి.గ్రా. పడుతుంది. మధ్యలో నొప్పి ఎగదన్నితే ఇచ్చే బ్రేక్‌త్రూ డోసు అందులో ఆరోవంతు, అంటే 10. నిన్న అలాంటివి మూడు ఇచ్చారనుకుందాం. మొత్తం 90 అయింది కాబట్టి రెగ్యులర్ డోసు 15కి పెంచుతారు. ఇంతవరకూ ఎవరూ తప్పరు. బ్రేక్‌త్రూ డోసు మాత్రం చార్టులో పాత 10 దగ్గరే ఉండిపోతుంది. అదీ 15 కావాలి, లేకపోతే రాత్రి నొప్పి వచ్చినప్పుడు చాలని డోసు ఇచ్చి, మందు పనిచేయడం లేదని రాసేస్తారు. రోగి మింగలేని స్థితికి వస్తే చర్మం కింద ఇచ్చే డోసు నోటి డోసులో సగం: 24 గంటలకు 45 మి.గ్రా., బ్రేక్‌త్రూ 7.5. డాక్టరు రాసిన డోసైనా సరే, ఈ లెక్క మీరు మళ్లీ వేసి చూడగలగాలి.

ఇంకో మెలిక ఉంది. ఆ మూడు అదనపు డోసులూ ఎప్పుడు పడ్డాయో చూడకుండా కూడేయకూడదు. కట్టు మార్చేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు మాత్రమే నొప్పి వస్తుంటే అది కదలికతో వచ్చే నొప్పి. దానికోసం రోజువారీ డోసు పెంచితే మిగతా సమయమంతా మత్తులో పడుంటారు, కట్టు విప్పగానే మళ్లీ అరుస్తారు. అలాంటివాళ్లకు నోటి మార్ఫిన్ డోసు కట్టు మార్చడానికి కనీసం అరగంట ముందు ఇచ్చి, పని మొదలుపెట్టేముందు నొప్పి ఎంత ఉందో అడగాలి.

మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో మార్ఫిన్ విరిగి తయారయ్యే పదార్థాలు ఒంట్లోనే పేరుకుంటాయి. నిద్రమత్తు, చేతులు ఉలిక్కిపడినట్టు ఎగరడం, లేనివి ఉన్నట్టు కనపడటం మొదలవుతాయి. ఆ కలవరపాటు చూసి నొప్పి ఎక్కువైందనుకుని డోసు పెంచడం చాలా ప్రమాదకరమైన పొరపాటు. డోసు తగ్గించడమో, ఫెంటానిల్ లాంటి వేరే నొప్పి మందుకు మారడమో చేయాలి. మారేటప్పుడు సమాన డోసు లెక్కగట్టి, అందులోంచి 25 నుంచి 50 శాతం తగ్గించి మొదలుపెట్టాలి, ఎందుకంటే పాత మందుకు అలవాటుపడిన ఒళ్లు కొత్త మందుకు అంతగా అలవాటుపడి ఉండదు. ఊపిరి నిమిషానికి 8 కంటే తగ్గి, లేపినా లేవకపోతే మార్ఫిన్ లాంటి మందులకు విరుగుడైన నాలోక్సోన్ ఇవ్వాలి. అయితే ఆంప్యూల్ మొత్తం ఒకేసారి ఇవ్వకూడదు. 400 మైక్రోగ్రాములను 10 మి.లీ. సెలైన్‌లో కలిపి, ఊపిరి పుంజుకునేదాకా రెండు నిమిషాలకోసారి అర నుంచి ఒక మి.లీ. చొప్పున ఇవ్వాలి. మొత్తం ఇచ్చేస్తే అణిగి ఉన్న నొప్పంతా ఒక్కసారిగా మీద పడుతుంది. నాలోక్సోన్ ప్రభావం త్వరగా దిగిపోతుంది కాబట్టి ఆ తర్వాత కూడా రోగిని వదిలి కదలకూడదు.

సిరంజ్ డ్రైవర్‌ను (చర్మం కింద మందు నెమ్మదిగా ఎక్కించే చిన్న పంపును) మీ చేత్తో పదిసార్లైనా పెట్టించే కోర్సే మంచిది. వాంతులు ఆపే సైక్లిజిన్‌ను సెలైన్‌తో కలిపితే గింజకట్టే ప్రమాదం ఉంది, దానికి ఇంజెక్షన్ వాటరే వాడాలి. పెట్టాక నాలుగు గంటలకోసారి సిరంజ్‌లో మడ్డి కట్టిందా, సూది చోట వాచిందా, ఎన్ని మి.లీ. ఎక్కిందో చూసి రాయాలి. మందు ఒంట్లో నిలకడగా అందడానికి కొన్ని గంటలు పడుతుంది. అప్పటికే నొప్పితో ఉన్నవాళ్లకు డ్రైవర్ పెట్టి వెళ్లిపోతే అన్ని గంటలూ బాధపడతారు, అందుకే మొదలుపెట్టేటప్పుడే ఒక విడి డోసు కావాలి.

మాట్లాడటం కూడా చేతిపనే, అలాగే సాధన చేయించాలి. కీడువార్త చెప్పడానికి స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి నేర్పుతారు. ఆ మెట్లు బట్టీ పట్టడం తేలికే. కష్టం ఎక్కడంటే, కొడుకు వరండాలో పట్టుకుని "మా నాన్నగారికి జబ్బు సంగతి చెప్పకండి" అన్నప్పుడు. రోగికి తెలుసుకునే హక్కుందని ఆయనకు పాఠం చెబితే ఆ తలుపు మూసుకుపోతుంది. "చెబితే ఏమవుతుందని భయంగా ఉందండీ?" అని అడిగి, పూర్తిగా వినండి. "ఆయన మిమ్మల్ని ఏమైనా అడిగారా?" అన్నది రెండో ప్రశ్న. ఆ తర్వాతే, "నా అంతట నేను చెప్పను. ఆయనే అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను. ఆయనకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగనిస్తారా?" అనాలి. చాలాసార్లు రోగికి అంతా తెలిసే ఉంటుంది, ఇంట్లోవాళ్లు తట్టుకోలేరని ఆయనే దాస్తుంటారు. ఈ సంభాషణ రోల్‌ప్లేగా చేయించి, మీరు ఎక్కడ తొందరపడి మౌనాన్ని నింపేశారో చూపించేవాళ్లు కావాలి. "ఇక చేసేదేమీ లేదు" అనే మాట నోటికి రాకుండా చేయడానికే కొందరికి వారం పడుతుంది.

చివరి రోజుల సంరక్షణలో గొంతులో గురగుర ఒక్కటి చెబుతాను. దానికి ఇచ్చే హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్, గ్లైకోపైరోలేట్ కొత్త స్రావాన్ని ఆపుతాయే తప్ప చేరిపోయినదాన్ని తీయవు. శబ్దం మొదలవగానే పక్కకు తిప్పి, మందు అప్పుడే ఇవ్వాలి. గొంతులోకి లోతుగా సక్షన్ గొట్టం పెట్టి పీల్చడం రోగిని హింసించడమే.

ఎంపికకు వస్తే: ఇంటి సందర్శనలు ఉన్నాయా, డాక్టర్లు, నర్సులు కలిసి కూర్చునే కేసు చర్చ ఉందా, మీరు రోగితో మాట్లాడుతుండగా చూసి మార్కులు వేస్తారా, అయిపోయాక ఆరు నెలలపాటు ఫోన్లో కేసులు చర్చించడానికి ఒక మెంటర్‌ను ఇస్తారా? చివరిది లేని కోర్సు నేనైతే సూచించను. వీలైతే మీ వార్డు డాక్టర్ ఒకరితో కలిసి చేరండి. నర్సు ఒక్కరే నేర్చుకుని వెళ్తే మందులు రాసేవాళ్లు పాత పద్ధతిలోనే రాస్తారు.

చేరేలోపు మీ వార్డులో మార్ఫిన్ మీద ఉన్న ఐదుగురి చార్టులు తీసుకోండి. రోజు మొత్తం డోసు, బ్రేక్‌త్రూ డోసు, మార్ఫిన్‌తో వచ్చే మలబద్ధకానికి విరేచనం మందు రాశారా, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. విరేచనం మందు లేని చార్టు కనిపిస్తే కోర్సుదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పండి.