కళ్లు బాగున్నా చూపు సగం పోవచ్చు

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. కర్నూలు నుంచి బెంగళూరులోని మా ఇంటికి వచ్చారు. వారం రోజులుగా ఎడమ కన్ను కనిపించడం లేదంటున్నారు. ఎడమవైపు తలుపులకు తగులుతున్నారు, పేపరు చదివితే వరుసల మొదళ్లు వదిలేస్తున్నారు. కళ్లజోళ్ల దుకాణంలో నంబరు మారలేదన్నారు. మెడికల్ షాపువాళ్లిచ్చిన చుక్కలు వేస్తున్నాం. కోతుల మెదడు చూపును ఎలా అమర్చుకుంటుందో ఈమధ్య చదివాను. వ్యాయామాలతో మెదడుకు చూపు నేర్పించవచ్చా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: వ్యాయామాల సంగతి తర్వాత. ఇది చదవగానే ఆయనను న్యూరాలజిస్టు, స్కానింగ్ రెండూ ఉన్న ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఇది మెదడు వెనుక భాగానికి వచ్చిన పక్షవాతమని నా అనుమానం.

ఎడమవైపు చూపు పోయినా చాలామంది ‘ఎడమ కన్ను’ అనే చెబుతారు. క్యాబ్ వచ్చేలోపు ఆయన ఎదురుగా కూర్చోండి. ఎడమ కన్ను మూయించి, మీ ముక్కునే చూడమని చెప్పి, మీ ముక్కుకు కాస్త పక్కగా, ఆయనకు ఎడమవైపున వేళ్లు ఆడించండి. కుడి కంటికీ అవి కనిపించకపోతే లోపం ఎడమ కంటిలో కాదు, రెండు కళ్ల చూపులోనూ ఎడమ సగం పోయినట్టు. కనిపించినా ఆసుపత్రి ప్రయాణం మానవద్దు. మీరు చదివిన విషయం ఇక్కడే అక్కరకొస్తుంది. కోతికైనా మనిషికైనా ఎడమవైపు దృశ్యం రెండు కళ్ల నుంచీ కుడి మెదడుకే చేరి, తల వెనుక భాగంలో పటంలా పరుచుకుంటుంది. అక్కడి కణాలు ఒక్కొక్కటి ఒక్కో వాలులో ఉన్న గీతకు స్పందిస్తాయని కనిపెట్టిన శాస్త్రవేత్తలు హ్యూబెల్, వీజెల్‌లకు 1981లో నోబెల్ వచ్చింది. ఆ పటంలో ఒక పక్కకు రక్తం అందకపోతే, కళ్లు ఎంత బాగున్నా అంతమేర చూపు ఉండదు. ఇక చుక్కలు ఏం చేస్తాయి?

నన్ను బాధపెట్టేది ఆ వారం రోజుల ఆలస్యం. చెయ్యి పడిపోతే పరుగెత్తుకొస్తారు. నొప్పి లేకుండా చూపు పోతే మాత్రం కళ్లజోళ్ల దుకాణానికి వెళతారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, ఆ అవకాశం దాటిపోయింది. కానీ రెండో దెబ్బ తగలకుండా చూడటానికి ఇప్పటికీ సమయముంది. గుండె లయ, మెడ రక్తనాళాలు పరీక్షిస్తారు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మాత్రం వేయవద్దు. మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాలి.

ఎడమవైపుకు చూపు తిప్పి వెతకడం నేర్పే శిక్షణ ఉంది. కొంత ఉపయోగమే, న్యూరాలజిస్టు చూశాక అడగండి. అంతవరకు ఆయన చేతికి స్కూటర్ తాళాలు ఇవ్వకండి. వాడుతున్న మాత్రలన్నీ, పాత రిపోర్టులూ వెంట తీసుకెళ్లండి.