డిశ్చార్జి చీటీ కొండ ఎక్కాలంటే
(ఆరోగ్య సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు వైద్యుల సమాధానాలు)

ప్రశ్న: నేను పాడేరు ప్రాంతంలోని ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా విద్యార్థిని తండ్రి జీలుగు చెట్టు మీది నుంచి పడి తొడ ఎముక విరిగింది. నగరంలోని ఒక ఆసుపత్రిలో రాడ్ వేసి, తొమ్మిదో రోజున ఇంటికి పంపించారు. ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఇంట్లో వాళ్లు మాట్లాడేది కువి అనే గిరిజన భాష. జీపు దిగాక రెండు గంటల నడక ఉండటంతో ఆయనను డోలీలో మోసుకువెళ్లారు. మూడు వారాలు కావస్తుండగా కుట్ల దగ్గర చీము పట్టిందని తెలిసింది. ఫోను చేస్తే ‘పదిహేను రోజులకు రమ్మన్నాం, రాలేదు’ అన్నారు. తప్పు ఎవరిది? మేము చేయగలిగినది ఏమిటి?

సమాధానం: మేడమ్ గారూ, తప్పెవరిదన్న మాట కాసేపు పక్కన పెడదాం. లోపల రాడ్ ఉన్నచోట చీము పట్టిందంటే దానిని పైపుండుగా చూడకూడదు. ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ ఎముకకు పాకి మళ్లీ ఆపరేషన్ చేయవలసి రావచ్చు. అందువల్ల సంతలో కొన్న మాత్రలతోనో, ఆర్‌ఎంపీ సూదిమందుతోనో రోజులు గడపకుండా, ఎముకల వైద్యుడున్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి. 108 వాహనం రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది గనుక, మీ వైపు ఫీడర్ అంబులెన్సు, అంటే పక్కన పడక అమర్చిన మోటారు సైకిల్, తిరుగుతున్నదేమో ఆశా కార్యకర్తను అడగండి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద జరిగి ఉంటే (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ), డిశ్చార్జి తరువాత 10 రోజుల మందులు, 30 రోజుల లోపు తలెత్తే ఇబ్బందులకు చికిత్స ఆ ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. మీరు చెప్పిన లెక్కన గడువు ఇంకా దాటలేదు. పాత కాగితాలతో అదే ఆసుపత్రికి వెళ్లి, పథకం తరఫున అక్కడ ఉండే వైద్యమిత్రను ముందుగా కలవండి.

ఇక ‘రమ్మన్నాం, రాలేదు’ అన్న మాట. ముప్ఫై మంది రోగులున్న వార్డులో పనిచేసినప్పుడు నేనూ ఈ మాట అన్నవాడినే. పాడేరు నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్ల పైమాట, అందులో కొంత ఘాట్ రోడ్డు. దానికి ముందు డోలీ మోయడానికి కనీసం నలుగురు మగవాళ్లు ఆ రోజు కూలి మానుకోవాలి, సంత లేని రోజున జీపు దొరకదు, దొరికినా పడుకోబెట్టి తెచ్చే రోగికి ఇద్దరు ముగ్గురి ఛార్జీ తీసుకుంటారు. ఇవేవీ అడగకుండా కాగితం మీద ఒక తేదీ వేసి ఇవ్వడాన్ని ఏర్పాటు అనలేము. తేదీ సంత రోజుకు కలిసేలా వేసి ఉంటే ఆయన బహుశా వచ్చేవారే.

డిశ్చార్జి ఆలోచన రోగి చేరిన రోజునే మొదలు కావాలి. ఇంటికి దారి ఎలా ఉంది, ఇంట్లో ఎవరున్నారు, మరుగుదొడ్డి ఉందా, లేకపోతే వాలు మీద కర్రలతో ఎంత దూరం నడవాలి, కాలు ఎన్ని వారాలు మోపకూడదు, ఆ వారాల్లో పొలం పని ఎవరు చూస్తారు అన్న విషయాలు కేసు షీటులో ఎక్కినప్పుడే ఇంటికి పంపే రోజున సరైన నిర్ణయం చేయగలుగుతాం. కుట్లు తీయడం, కట్టు మార్చడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జరుగుతాయి కనుక, ఆ కేంద్రం వైద్యాధికారికి ఒక కాగితం రాసి, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల ఫోను నంబర్లు తీసుకుని, వాళ్లకు కబురు అందిందని తెలిశాకే రోగిని కదిలించాలి. అలా చేస్తే నగరానికి ఒక ప్రయాణం తప్పుతుంది. ఎముక అతికిందో లేదో చూడాలంటే ఎక్స్‌రే తీయాలి కాబట్టి, సిగ్నల్ దొరికిన చోట ఈ-సంజీవని (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ) ద్వారా వైద్యుడితో మాట్లాడినా ఆ రెండో ప్రయాణం మాత్రం తప్పదు.

మందుల సంగతి కూడా అంతే. చీటీ మీద ఒక మందుకు 1-0-1 (పొద్దున ఒకటి, రాత్రి ఒకటి) అని రాస్తాం, మరొకదాన్ని మూడు పూటలా తిన్న తరువాత అంటాం. పొద్దున చోడి (రాగి) అంబలి తాగి కొండకు వెళ్లి చీకటి పడ్డాక అన్నం తినే మనిషికి మధ్యాహ్నపు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తోచదు. 1-0-1 అంటే అంబలి తాగాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి అని వాళ్ల భాష తెలిసినవారి చేత చెప్పించి, మళ్లీ వాళ్ల నోటితో చెప్పించుకోవాలి. తల ఊపితే అర్థమైనట్టు కాదు. ఈ పనికి చాలాసార్లు మీ విద్యార్థులనే పిలుస్తారు. మాత్రల వేళలు పిల్లలు చెప్పవచ్చు కాని, తండ్రికి కాలు తీసివేయవలసి వస్తుందేమోనన్న మాట కూతురి నోటి నుంచి వినిపించకూడదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల కోసం సవర భాష నేర్చుకుని, 1938లో వచ్చిన సవర నిఘంటువును తయారు చేశారు. మన వార్డుల్లో పది వాక్యాల కువి, పది వాక్యాల కోయ నేర్చుకోవడానికి అంత శ్రమ కూడా అక్కరలేదు.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. ఏజెన్సీ నుంచి వచ్చిన రోగులు చికిత్స పూర్తి కాకుండానే, ఒక్కోసారి చెప్పకుండానే వెళ్లిపోతున్నారు. ఎంత చెప్పినా వినరు. వారిని ఎలా ఆపాలి?

సమాధానం: సిస్టర్ గారూ, ఆపడం కన్నా, ఎందుకు వెళుతున్నారో ముందుగా తెలుసుకోవడం మేలు. పోడులో విత్తనం వేసే అదను దాటిపోతుందని, చైత్రంలో ఇటుకల పండుగ వచ్చిందని, తోడుగా వచ్చిన మనిషికి తిండి లేదని, ఇంట్లో చంటిపిల్ల ఉందని, పక్క మంచం ఖాళీ అయిన తీరు చూసి ఊరికి దూరంగా ప్రాణం పోతుందేమోనని భయపడి వెళతారు. వార్డులో ఎవరో ఈసడించుకుంటే వెళ్లేవారూ ఉన్నారు. దీనిని మనం ఒప్పుకోము కాని, అన్నింటికంటే తరచుగా కనిపించే కారణం ఇదేనని నా అనుమానం. ఆస్ట్రేలియాలో ఆదివాసులైన అబోరిజినల్ రోగులకు కూడా ఇదే ఇబ్బంది ఎదురవుతున్నందున, అక్కడి ఆసుపత్రులు ఆ సముదాయం వారినే అనుసంధాన ఉద్యోగులుగా నియమించుకుంటున్నాయి. మన దగ్గర విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలోని ఎస్టీ సెల్ వంటివి ఆ పనికే ఉన్నాయి. రోగి చేరిన పూటే వారికి కబురు పెట్టండి.

అయినా వెళ్లిపోతానంటే వేలిముద్ర వేయించుకుని వదిలివేయకండి. ‘వెళతారు సరే, ఈ మాత్రలు తీసుకెళ్లండి, జ్వరం వస్తే ఫలానా చోటికి వెళ్లండి, మళ్లీ ఇక్కడికి వస్తే ఎవరూ తిట్టరు’ అని చెప్పి పంపండి. ఊరి దిసారి (గిరిజన పూజారి) చేత పూజ చేయించాలని ఉందంటే, పూజతో పాటు మాత్రలు కూడా వేసుకోవచ్చని చెప్పడం వల్ల మన వైద్యానికి వచ్చే లోటు లేదు. క్షయ రోగి అయితే మాత్రం నిక్షయ్‌లో (క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్) అతని వివరాలను ఊరి కేంద్రానికి ఆ రోజే బదిలీ చేయించండి. చికిత్స సాగినన్నాళ్లూ నెలకు రూ.1,000 పోషణ సాయం (2024 నవంబరు నుంచి ఇది రూ.500 కాదు), గిరిజన ప్రాంతాల వారికి ఒక్కసారి ఇచ్చే రూ.750 రవాణా సాయం ఉన్నాయని కూడా చెప్పండి.

ప్రశ్న: ఉట్నూరు వైపు గిరిజన వసతి గృహంలో వార్డెన్‌ను. సికిల్ సెల్ వ్యాధితో (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) ఆసుపత్రిలో ఉండి వచ్చిన గోండు బాలుడికి హైడ్రాక్సీయూరియా రాశారు. మేము ఏం గమనించాలి?

సమాధానం: గొట్టం మాత్రను (క్యాప్సూల్) రోజూ ఒకే వేళకు మీ ఎదుటే వేయించండి. ఈ మందుకు రక్త కణాల పరీక్ష మొదట్లో నెలకొకసారి, మోతాదు కుదిరాక రెండు మూడు నెలలకొకసారి తప్పనిసరి. ఆ తేదీలను హాజరు పట్టీ పక్కనే గోడ మీద రాసి ఉంచండి. నీళ్లు బాగా తాగించండి, ఆదిలాబాద్ చలికాలంలో చన్నీటి స్నానం మాన్పించి రెండో దుప్పటి ఇవ్వండి, ఎందుకంటే చలి, ఒంట్లో నీరు తగ్గడం రెండూ నొప్పిని తెస్తాయి. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు ఒక్కసారిగా పాలిపోవడం, కాలో చెయ్యో చచ్చుబడటం వంటివి కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకండి. బాలుడు సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు, ఎన్ని రోజుల సెలవులో లెక్కపెట్టి, దానికి వారం ఎక్కువగా మందు కట్టి తల్లి చేతికి ఇవ్వండి.