కొండ మీద మఠం, కింద సొరంగం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఈమధ్య ఏ వెబ్ సిరీస్ పెట్టినా, మా అబ్బాయి ఏ గేమ్ ఆడినా ఒకటే సీన్ అండీ. ఎక్కడో మంచు కొండ మీద పాత మొనాస్టరీ, పైకి అందరూ ప్రార్థనలు చేసుకునే అమాయకులు, కింద నేలమాళిగలో మాత్రం నల్ల అంగీలేసుకుని బలులిచ్చే రహస్య సంఘం. ఇలాంటిది నిజంగా ఎక్కడైనా దొరికిందా? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సీన్ చాలా పాతదండీ. ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ 1536 నుంచి 1540 లోపు దేశంలో మఠాలన్నీ మూయించేసి, భూములు లాక్కుని, పైకప్పుల మీదున్న సీసం రేకులు కూడా పీకించుకున్నాడు. మిగిలినవి మొండిగోడలు. ఆ తర్వాత రెండొందల ఏళ్ళకి అక్కడి జనానికి సన్యాసి అంటే రోజూ వీధిలో కనపడే మనిషి కాదు, ఎప్పుడో ఉండేవాడట అని చెప్పుకునే బూచాడు, ఇక ఊహకి అడ్డేముంది చెప్పండి. 1796లో మాథ్యూ లూయిస్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు 'ద మంక్' అని ఓ నవల వదిలాడు, మాడ్రిడ్‌లో అందరూ దణ్ణం పెట్టే ఓ పెద్ద సన్యాసి లోపల్లోపల ఎంత పాడయ్యాడో అని కథ, రచయిత ఇంగ్లీషువాడు, మఠం మాత్రం స్పెయిన్‌లో, గమనించారా. అది గొడవైపోయి తర్వాత ఎడిషన్‌లో చాలా కోసేయాల్సి వచ్చింది, అమ్మకాలు మాత్రం ఆగలేదు.

ఇంతవరకూ అయితే సరదాయే. అసలు కథ అమెరికాలో. బోస్టన్ పక్కన చార్ల్స్‌టౌన్‌లో ఉర్సులైన్ అనే కాథలిక్ సిస్టర్ల కాన్వెంట్, అంటే నన్‌లుండే మఠం, ఉండేది, దానికో ఆడపిల్లల స్కూలు, చదివే పిల్లల్లో చాలామంది ప్రొటెస్టెంట్ పెద్దింటివాళ్ళే. లోపల ఒక నన్‌ని బలవంతంగా ఆపేశారట అని పుకారు లేచింది, అంతే, 1834 ఆగస్టు 11 రాత్రి గుంపు వచ్చి బిల్డింగ్ తగలబెట్టేసింది, పిల్లలు, సిస్టర్లు వెనక నుంచి పారిపోయారు. అక్కడితో ఆగారా అంటే లేదు, చనిపోయిన సిస్టర్ల సమాధి గది కూడా పగలగొట్టి వెతికారు. కేసులో శిక్ష పడింది ఒకే ఒక్క టీనేజ్ కుర్రాడికి, వాడికీ తర్వాత క్షమాభిక్ష ఇచ్చేశారు.

రెండేళ్ళు తిరక్కుండా 1836లో మరియా మంక్ అనే అమ్మాయి పేరుతో న్యూయార్క్‌లో పుస్తకం వచ్చింది. మాంట్రియల్‌లో ఫలానా కాన్వెంట్ నుంచి పారిపోయి వచ్చాననీ, పక్కన ప్రీస్టులుండే చోటు నుంచి సొరంగం ఉందనీ, పుట్టిన బిడ్డల్ని బాప్టిజం ఇచ్చి చంపి నేలమాళిగలో సున్నపు గోతిలో పడేస్తారనీ అందులో రాశారు. మీరు సిరీస్‌లో చూసిన ఐటమ్స్ అన్నీ ఉన్నాయి కదా! విలియం స్టోన్ అని ఒక పత్రికా సంపాదకుడు, ఆయనా ప్రొటెస్టెంటే, కాథలిక్కులంటే ప్రేమేం లేదు, పుస్తకం చేత్తో పట్టుకుని మాంట్రియల్ వెళ్ళి కాన్వెంట్ లోపల గది గదీ తిరిగాడు. లోపల కట్టడం పుస్తకంలో చెప్పినట్టు లేదు. ఆ అమ్మాయి అసలు ఆ కాన్వెంట్‌లో ఉండనే లేదని తేల్చి రాశాడు. అయినా పుస్తకం దశాబ్దాల పాటు అమ్ముడవుతూనే ఉంది, పాపం మరియా మాత్రం 1849లో దిక్కులేకుండా పోయింది. డబ్బులు ఎవరి జేబులోకి వెళ్ళాయో ఊహించుకోండి, ఆ పుస్తకం వెనక పాదర్లే, కాకపోతే అవతలి పార్టీ పాదర్లు.

1855లో మసాచుసెట్స్ శాసనసభ ఏకంగా కాన్వెంట్ల మీద కమిటీ వేసింది. సొరంగం దొరకలేదు గానీ కమిటీలో ముఖ్యుడు ఒకావిడని వెంటేసుకుని హోటల్ బిల్లు ప్రభుత్వం ఖాతాలో రాయించిన సంగతి బయటపడి, ఆయన్నే సభలోంచి గెంటేశారు.

ప్రశ్న: మరి జీవితాంతం మాట్లాడకుండా బతికే సన్యాసులు ఉన్నారంటారు, వాళ్ళ దగ్గరైనా ఏదో ఒక రహస్యం ఉండాలి కదా? (ఖమ్మం)

జవాబు: ఉందండీ, మందు ఫార్ములా. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల్లో గ్రాండ్ షార్ట్రూజ్ అని మఠం, 1084లో బ్రూనో అనే ఆయన మొదలుపెట్టాడు. ఎవరి గది వాళ్ళది, భోజనం గోడలో చిన్న కిటికీ లోంచి లోపలికొస్తుంది, వారానికోసారి అందరూ కలిసి కొండల్లో నడకకి వెళ్ళినప్పుడు మాత్రం హాయిగా మాట్లాడుకుంటారు. ఒక డైరెక్టర్ లోపల సినిమా తీస్తానని 1984లో అడిగితే, ఇప్పుడు కుదరదు అన్నారు, పదహారేళ్ళ తర్వాత వాళ్ళే కబురు పెట్టారు సరే రమ్మని. 130 మూలికలతో వాళ్ళు చేసే పచ్చ లిక్కర్ ప్రపంచమంతా అమ్ముడవుతుంది, ఆ రెసిపీ మాత్రం ఏ టైంలోనైనా ఇద్దరు ముగ్గురు సన్యాసులకే తెలుస్తుంది. డిమాండ్ పెరిగింది, ఎక్కువ చెయ్యండి అంటే మా ప్రార్థన టైం పోతుంది, చెయ్యం అన్నారు, 2023లో ఆ వార్త తెగ తిరిగింది. మా ఆఫీసులో కొందరికి ఇంతకన్నా భయంకరమైన రహస్య సంఘం ఇంకోటి లేదు.

ప్రశ్న: అన్నీ ఫారిన్ కబుర్లేనా, మన దగ్గర ఇలాంటి కథలు లేవా సార్? (నంద్యాల)

జవాబు: మీ ఊరి నుంచి బస్సెక్కితే కొన్ని గంటల్లో చేరే చోటే, శ్రీశైలం! ఎనిమిదో శతాబ్దంలో భవభూతి రాసిన 'మాలతీమాధవం' నాటకంలో అఘోరఘంటుడు అనే కాపాలికుడు హీరోయిన్‌ని చాముండికి బలివ్వబోతాడు, హీరో వచ్చి వాణ్ణి చంపేస్తాడు, పగబట్టిన శిష్యురాలు కపాలకుండల ఆ పిల్లని ఎత్తుకుపోయేది ఎక్కడికనుకున్నారు, శ్రీపర్వతానికి, అంటే మన శ్రీశైలానికే. ఎక్కడో ఉత్తరాన కూర్చుని నాటకం చూసేవాళ్ళకి నల్లమల అడవి అంటే అంత గుబులన్నమాట. శంకరాచార్యుల తల అడిగిన కాపాలికుడి కథ కూడా చాలామంది శ్రీశైలం చుట్టూనే చెప్తారు. మన జానపద సినిమాల్లో గుహలో కూర్చునే మాంత్రికుడు వీళ్ళ మనవడే అని నా అనుమానం.

కాపాలికులు అసలు లేరని కాదు. ఉన్నారు, కానీ వాళ్ళు స్వయంగా రాసుకున్న గ్రంథం ఒక్కటీ మిగల్లేదు, మనకి తెలిసిందంతా వాళ్ళంటే పడనివాళ్ళో, వాళ్ళని వేళాకోళం చేసే నాటకకర్తలో రాసిందే. 1972లో డేవిడ్ లోరెంజెన్ అనే పరిశోధకుడు దీని మీద ఒక పుస్తకమే రాశాడు. అందులో నాకు బాగా నచ్చింది కాలాముఖుల సంగతి, వీళ్ళు కాపాలికుల్లాంటి ఇంకో శైవ శాఖ. వీళ్ళు పుర్రెలో తింటారు, శవాల బూడిద పూసుకుంటారు, కల్లుకుండ పెట్టి పూజ చేస్తారు అని రామానుజులవారంతటివారే రాశారు. సరే, రాళ్ళు ఏమంటున్నాయో చూద్దామని కర్ణాటకలో బళ్ళిగావి వెళ్తే, అక్కడ కాలాముఖుల కోడియ మఠం గురించి 1162 నాటి శాసనం ఉంది. నాలుగు వేదాలు చెప్తారు, పాణిని వ్యాకరణం చెప్తారు, బౌద్ధ దర్శనం కూడా చెప్తారు, పేదలకీ కుంటివాళ్ళకీ గుడ్డివాళ్ళకీ అన్నం పెడతారు, రోగులకి వైద్యం చేస్తారు అని వరసపెట్టి రాసుంది. శాసనం అంటే సొంత డబ్బా కదా అంటారేమో, ఒప్పుకుంటా, కొంత తగ్గించుకుని చదవండి, కానీ పుర్రె కబుర్లు కూడా అంతే తగ్గించుకోవాలి మరి.

ఇక మన అమరావతిలో మందడం, వెలగపూడి ఉన్నాయి చూశారా, అసెంబ్లీ ఉన్న ప్రాంతం, అదంతా ఒకప్పుడు గోళకి మఠం శైవగురువు విశ్వేశ్వర శివాచార్యులకి కాకతీయులిచ్చిన దానం. 1261 నాటి మల్కాపురం శాసనంలో ఉంది, రుద్రమదేవి కాలం. ఆ మఠానికి అనుబంధంగా వేదపాఠాలు, అన్నసత్రం, ఆరోగ్యశాల, ఇంకా ప్రసూతిశాల, అంటే కాన్పుల ఆసుపత్రి! సిరీస్ తీసేవాళ్ళకి ఇది పనికిరాదు లెండి.

ప్రశ్న: అంటే మఠాలన్నీ పవిత్రం, చెడు అంతా పుకారే అంటారా? ఇది మరీ వెనకేసుకు రావడం. (డబ్లిన్‌లో పనిచేస్తున్న ఒక తెలుగమ్మాయి)

జవాబు: మీరు ఉన్న దేశం నుంచే చెప్తానమ్మా. గాల్వే కౌంటీలో ట్యూమ్ అనే ఊళ్ళో, పెళ్ళికాకుండా తల్లులైన అమ్మాయిల కోసం ఒక హోమ్, 1925 నుంచి 1961 వరకు నడిచింది. బిల్డింగ్ కౌంటీ కౌన్సిల్‌ది, నడిపింది బాన్ సెకూర్స్ సిస్టర్లు. మూసేశాక కొన్నేళ్ళకి అక్కడ ఆడుకుంటున్న పిల్లలకి ఎముకలు కనిపించాయి, పెద్దవాళ్ళు పాత కరువు కాలం నాటివై ఉంటాయిలే అనుకుని వదిలేశారు. క్యాథరిన్ కోర్లెస్ అనే స్థానిక చరిత్రకారిణి ఓపిగ్గా రిజిస్టర్లు వెతికి, అక్కడ చనిపోయిన 796 మంది పిల్లల డెత్ సర్టిఫికెట్లు పోగేసింది, పాతిపెట్టిన రికార్డు మాత్రం దాదాపు ఎవరికీ లేదు. 2014లో ప్రపంచానికి తెలిసింది, 2017లో ప్రభుత్వ కమిషన్ మురుగునీటి కోసం కట్టిన పాత గదుల్లో పిల్లల అవశేషాలున్నాయని తేల్చింది, 2025లో తవ్వకాలు మొదలయ్యాయి.

ఇప్పుడు చూడండి, ఇందులో కొండ లేదు, సొరంగం లేదు, నల్ల అంగీలు లేవు. ఊళ్ళోనే, ప్రభుత్వం డబ్బుతో, అందరికీ తెలిసిన బిల్డింగ్. ఆ అమ్మాయిల్లో చాలామందిని లోపలికి పంపింది కన్నవాళ్ళే. మరియా మంక్ కథకి గుంపులు గుంపులుగా ఊగిపోయారు, ఇక్కడ ఒకావిడ ఒంటరిగా సర్టిఫికెట్లకి డబ్బు కట్టి తీసుకుంటుంటే పట్టించుకున్నవాళ్ళు తక్కువ. నాకు దయ్యాల మఠం కన్నా ఇదే ఎక్కువ భయం.

ప్రశ్న: నేను నల్లమలలో ఒక రహస్య మఠం పెట్టి నవల రాస్తున్నా. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (ఒంగోలు)

జవాబు: ముందు ఆ మఠానికి బియ్యం ఎవరు మోస్తున్నారో తేల్చుకోండి. దారి లేని కొండ మీద నలభై మంది ఉంటే నెలనెలా బస్తాల లెక్కన ఎక్కాలి, కట్టెలు, ఉప్పు, నూనె అదనం. మోసే చెంచులకో లంబాడీలకో అన్నీ తెలుస్తాయి, వాళ్ళు ఎందుకు నోరు మూసుకున్నారో అదే మీ కథ కావచ్చు. మాకు పంపాలనుకుంటే కాగితానికి ఒకవైపే రాయండి, సీరియల్‌కి ఇప్పట్లో ఖాళీ లేదు.